పసుపు నీళ్ళలో ఫోను

మా నాన్న పోయిన మూడో రోజుకి నాకు మైల తీరిపోయింది. పెళ్ళయిన కూతురికి అంతేనట. తమ్ముడికి పది రోజులు, వాడి భార్యకి పది రోజులు, తాత దగ్గరికి రమ్మంటే ఏడ్చే వాడి చిన్న కూతురికి కూడా పది రోజులు. నేను మాత్రం మూడో నాడు తలారా స్నానం చేసి వచ్చేసరికి ఆ ఇంటికి చుట్టాన్ని అయిపోయాను. అదేమిటని అడిగితే గోత్రం మారింది కదమ్మా అన్నారు. గోత్రం మారితే మారింది, తండ్రి మారాడా అన్నాను. పురోహితుడు వినపడనట్టు దర్భలు సర్దుకున్నాడు.

చుట్టం వీధి అరుగు మీద కూర్చోవాలి. మైల ఉన్నవాళ్ళని తాకకూడదు. ఆ ఇంట్లో వస్తువు ముట్టుకుంటే మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. నేను అరుగు మీద కూర్చుని, తెరిచి ఉన్న తలుపులోంచి నాన్న గదిలో గోడ గూడు వైపే చూస్తూ ఉన్నాను. గూట్లో ఆయన కళ్ళజోడు, పాటకి వాయించే ఇత్తడి తాళాలు, నామం పెట్టుకునే తిరుమణి డబ్బా, వాటి పక్కన ఫోను. ఆ ఇంట్లో నాకు కావలసింది ఆ ఫోను ఒక్కటే. పొలం అడగలేదు, ఇల్లు అడగలేదు, అమ్మ ఎప్పుడో పోయింది కాబట్టి నగల మాటే లేదు.

"ఆ ఫోనొకటి ఇలా అందియ్యమ్మా, నేను చూసుకుంటాను" అని మా మరదల్ని అడిగాను.

"ఇప్పుడేటి తొందర వదినా? మైలలో ఉన్నాది కదా. పదో రోజు ఎల్లిపోనాక పట్టుకెల్దురు గాని" అంది. మంచిగానే అంది. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ నాతో చెడ్డగా మాట్లాడలేదు. అన్నీ మంచిగానే చెప్పారు.

ఆ ఫోనులో ఏముందో చెప్పాలి. మా వంశం వాళ్ళు ఊరి వేణుగోపాలస్వామి గుడిలో ధనుర్మాసం నెల పొడుగునా తెల్లవారుజామున మేలుకొలుపులు పాడతారు. రోజుకో పాట. ఎప్పటివాడో మా పూర్వీకుడు కట్టిన పాటలు. వాటిలో పాలసముద్రాలు, పారిజాతాలు పెద్దగా ఉండవు. మంచు పట్టిన చోడి చేలు, పాలకు అరిచే దూడలు, నూతి గిలక చప్పుడు ఉంటాయి. స్వామిని కూడా పొద్దెక్కినా లేవని పాలేరుని కసిరినట్టే కసురుతాయి. వాటిని కాగితం మీద పెట్టకూడదని మా ఇంటి పట్టు. తండ్రి నోటి నుంచి కొడుకు చెవికి వెళ్ళాలి, అంతే. కూతురి చెవిన పడితే, ఆ పిల్ల పెళ్ళి చేసుకుని వెళ్ళేటప్పుడు పాట కూడా ఇంకో ఇంటికి వెళ్ళిపోతుందని భయం. కూతురు వెళ్ళిపోతుందన్న భయం ఎవరికీ ఉన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. పాట గురించే భయం.

చిన్నప్పుడు నాన్న తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టగానే నన్ను లేవమనేవాడు. "నువ్వెల్లి ముగ్గెయ్యి" అనేవాడు. నేను వీధిలో ముగ్గు వేస్తూ చెవులు రిక్కించేదాన్ని. తమ్ముడు కునికిపాట్లు పడేవాడు, మొట్టికాయ తినేవాడు, దొడ్డిదారిన పారిపోయేవాడు. పదిసార్లు చెప్పినా రాని వాడికి పదకొండోసారి చెప్పడానికి నాన్నకి ఓపిక ఉండేది. వద్దన్నా వచ్చేస్తున్న నాకు ఒక్కసారి చెప్పడానికి నోరు రాలేదు. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నా నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

తమ్ముడు పెద్దవాడై గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరాడు. షిఫ్టులు, ఓవర్ టైములు. తాళాలు మళ్ళీ ముట్టుకోలేదు. నాన్న ఒక్కడే ఏటేటా చలిలో మఫ్లరు చుట్టుకుని గుడికి వెళ్ళి పాడుకొచ్చేవాడు. ఆయన పోయే ముందటి ధనుర్మాసంలో గొంతు మధ్యలో పట్టేసింది. ఆ వారమే నాకు ఫోను చేశాడు. నేను చీపురుపల్లిలో బడిపంతులమ్మని. క్లాసు మధ్యలో బయటికి వచ్చి ఎత్తాను.

"ఒసే, నీ తమ్ముడికి తీరిక నేదంటన్నాడు. ఆదివారం రా. నువ్వైనా ఇందువు గాని" అన్నాడు.

నువ్వైనా. ఆ మాటని అలాగే మింగేసి, ఆ ఆదివారమే రైలెక్కి నెల్లిమర్లలో దిగి ఆటోలో ఊరికి వెళ్ళాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. నాన్న ఒక చరణం పాడేవాడు, నేను అప్పగించాలి. తప్పితే మళ్ళీ పాడేవాడు, మళ్ళీ అప్పగించాలి. మా ఇంట్లో పాట చెప్పే పద్ధతి అదే. ఈ వయసులో నా తలకి ఎంత ఎక్కుతుందోనని, పాఠం మొదలయ్యే ముందు ఎర్ర బొత్తాం నొక్కి రికార్డు పెట్టేవాళ్ళం. నా ఫోనులో పెట్టుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదు.

"నా దాంట్లోనే ఉండాలి. పాట గుమ్మం దాటకూడదు" అన్నాడు.

నన్ను కూర్చోబెట్టి చెబుతూనే ఆ మాట అన్నాడు. నేను గుమ్మం దాటి వారం వారం వెళ్ళిపోతున్నానని ఆయనకి తట్టలేదో, తట్టినా పాట వేరు నేను వేరనుకున్నాడో తెలియదు. వాదించలేదు. వాదిస్తే పాఠం ఆగిపోతుందని నోరు మూసుకున్నాను. ఆషాఢం వెళ్ళేసరికి పాటలన్నీ అయ్యాయి. సగం నాకు నోటికి వచ్చాయి, తక్కినవి వింటే అందుకోగలిగే స్థితిలో ఉన్నాయి. శ్రావణంలో ఒక పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే నాన్న వెళ్ళిపోయాడు. పాటలన్నీ ఆ ఫోనులో ఉండిపోయాయి. ప్రతి పాటలోనూ ఆయన గొంతు వెనకే నా గొంతు ఉంది. మా నాన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడనడానికి లోకంలో నాకున్న సాక్ష్యం అదొక్కటే.

పదో రోజు పొద్దుటి నుంచి ముసురు. ధర్మోదకాలకి చెరువు దగ్గరికి వెళ్ళినవాళ్ళు తడిసి ముద్దయి వచ్చారు. చీపురుపల్లి నుంచి నేను, మా ఆయన మళ్ళీ ఊళ్ళో దిగేసరికి ఇంట్లో శుద్ధి నడుస్తోంది. గోడలకి సున్నం, గుమ్మాలకి పసుపు, బట్టలన్నీ చాకలికి. మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, పెరట్లో పీట వేసుకుని కూర్చుని పెద్ద ఇత్తడి పళ్ళెం నిండా పసుపు నీళ్ళు కలుపుకుంది. చనిపోయినాయన చేతి వస్తువులన్నీ ఆ నీళ్ళలో ముంచి కడిగి, కొత్త తువ్వాలుతో తుడిచి, దీపం ముందు పెడుతోంది. తాళాలు కడిగింది. కళ్ళజోడు కడిగింది. తిరుమణి డబ్బా కడిగింది.

దీపం ముందు నాలుగో వస్తువు చూశాను. ఫోను. అద్దం మీద మధ్యన గుండ్రంగా కుంకుమ బొట్టు.

"అత్తా, దీన్ని కూడా ముంచావా?"

"ముంచకేటి? అన్నయ్య రోజూ సెవికాడ ఎట్టుకున్నదే కదా. మైలంతా దానికే ఉంటాది. బాగా ఒత్తి ఒత్తి కడిగినాను, సూడు ఎలా మెరుస్తన్నాదో" అంది సంతోషంగా.

ఆమె మీద అరవాలని నోరు తెరిచాను. ఆమె చేతులు మోచేతుల దాకా పసుపు. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. అన్నగారి వస్తువులని ఒక్కొక్కటే పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసి కడుగుతోంది. ఈలోగా అంతకన్నా ఘనకార్యం మా తమ్ముడు చేశాడు. పది రోజులుగా చార్జింగు లేదు కదా అని దీపం ముందు నుంచి ఫోను తీసి, హాల్లో గోడకున్న చార్జరుకి పెట్టేశాడు. నేను లోపలికి పరిగెత్తేలోపల తెర ఒక్కసారి వెలిగింది, నీలంగా వణికింది, ఆరిపోయింది. కాలిన వాసన వచ్చింది.

పీకి చేతిలోకి తీసుకుంటే ఫోను వేడిగా ఉంది. చార్జరు దూర్చే కంతలోంచి ఒక పసుపు చుక్క నా అరచేతిలోకి జారింది.

"తడి ఫోనుకి కరెంటు పెడతావురా?" అని అరిచాను.

"పైన ఆరిపోయి ఉన్నాది కదప్పా. నాకేటి తెలుసు లోపల నీల్లున్నాయని? పోనీలే, పాత ఫోనే కదా" అన్నాడు. మా వైపు అక్కని అప్పా అంటారు.

అప్పుడు మొదలయ్యాయి సలహాలు. బియ్యంలో పెట్టమన్నారు. బియ్యం డబ్బా మూత తీయబోతుంటే మా మరదలు అడ్డం పడింది. మామగారి మైల ఫోను వంట బియ్యంలో పెడితే మధ్యాహ్నం భోక్తలు ఆ అన్నం ఎలా తింటారంది. కడిగేశాం కదా, ఇక మైలేటి అని మా అత్త. కడిగితే పోయేదైతే పది రోజులెందుకు ఆగాం అని ఇంకొకరు. నేను ఫోను పట్టుకుని నిలబడి ఉంటే, పసుపు నీళ్ళు లోపల నాన్న గొంతుని తింటూ ఉంటే, వాళ్ళు శాస్త్రం తేల్చుకుంటున్నారు. ఒళ్ళు మండిపోయింది. పొడి తువ్వాలులో చుట్టి సంచిలో పడేసుకుని గుమ్మం దిగాను.

"ఎక్కడికెల్తన్నావే? ఇస్తర్లేస్తన్నారు. కన్నతండ్రి పదో రోజున తినకుండా ఎల్లిపోతావేటి?" అని అత్త వెనకే వచ్చింది.

"విజయనగరం" అన్నాను.

అలా ఆ రోజు నేను తిండి తినకుండా గడప దాటిన కూతుర్ని అయ్యాను. ఆ సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ఆయన అల్లుడు కాబట్టి మర్యాద కోసం విస్తరి ముందు కూర్చుండిపోయాడు. గారెలు బాగున్నాయని రాత్రి చెప్పాడు కూడా. ఆయన మీద కూడా నాకు కోపమే.

గంటస్తంభానికి కాస్త అవతల సందులో ఒక రిపేరు షాపు ఉందని మా బడిలో ఎవరో అన్న జ్ఞాపకం. వెతుక్కుంటూ వెళ్ళాను. చిన్న గది, గాజు బల్ల, దాని వెనక ఒక నడివయసు మనిషి. చెవిలో ఇయర్ ఫోను పెట్టుకుని ఎవరితోనో ఇంటి స్థలం గొడవ మాట్లాడుతూనే నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. మాట ఆపకుండానే వెనక మూత ఊడదీశాడు. అప్పుడు మాట ఆగింది.

"ఇదేటమ్మా, పులిహోర కలిపినారేటి దీంట్లో?"

నవ్వాడు. నేను నవ్వలేదు. జరిగింది చెప్పాను. మైల అన్నాను, పదో రోజు అన్నాను, చార్జరు అన్నాను. పసుపు దగ్గర నవ్వినవాడు చార్జరు దగ్గర ముఖం చిట్లించాడు.

"ఒట్టి నీల్లయితే ఆరిపోతాయి. పసుపు ఆరినా పోదు, అంటుకుని ఉండిపోతాది. ఆ తడి మీద కరెంటు ఎట్టినారు. ఫోను కావాలా మీకు, లోపల సరుకు కావాలా?"

"లోపలిది. ఫోను మీరే ఉంచుకోండి."

"ఫొటోలా?"

"కాదు. గొంతు" అన్నాను. పరాయి మనిషి ముందు, స్క్రూ డ్రైవర్ల ముందు, ఇన్నాళ్ళూ చుట్టాన్నై ఏడవని ఏడుపంతా ఏడ్చాను. ఆయన ఇయర్ ఫోను తీసి పక్కన పెట్టి పని మొదలుపెట్టాడు.

బోర్డు బయటికి తీశాడు. వేలెడంత ఆకుపచ్చ బిళ్ళ, అంచుల్లో పసుపు చారలు, ఒక చోట నల్లగా మాడిన మచ్చ. స్పిరిట్‌లో ముంచి, పళ్ళు తోముకునే బ్రష్షుతోనే మెల్లగా తోమాడు. తోముతుంటే పసుపు రంగు గిన్నెలోకి దిగింది. ఆరబెట్టి మీటరు పెట్టి చూస్తే ఎక్కడో షార్ట్ ఉందన్నాడు. వదిలి వెళ్ళండి, మాట ఇవ్వలేను అన్నాడు. వదిలి రావడానికి మనసొప్పలేదు. కానీ చేసేదేముంది?

ఆ తర్వాత బడి అయ్యాక బస్సెక్కి వెళ్ళడం, ఇంకా కాలేదనడం, తిరిగి రావడం. ఒక రోజు షాపు మూసి ఉంది. ఒక రోజు, వచ్చేదీ రానిదీ చెప్పలేనండి, ఆశ పెట్టుకోకండి అన్నాడు. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాకు వచ్చిన పాటలన్నీ ఒక్కొక్కటే గొణుక్కుంటూ వచ్చాను. నాలుగో పాటలో రెండో చరణం ఎంతకీ రాలేదు. దూడ ముందా, గిలక ముందా? గరివిడి దాటేదాకా వెతుక్కున్నాను. దొరకలేదు. నాన్న పోయిన రోజు కన్నా ఆ రోజు నాకు ఎక్కువ భయం వేసింది. మనిషి పోయాడని అందరికీ తెలుసు. ఆ చరణం పోయిందని నాకొక్కదానికే తెలుసు.

ఇంతలో తమ్ముడి దగ్గర నుంచి ఫోన్లు మొదలయ్యాయి. గుడి కమిటీ వాళ్ళు అడుగుతున్నారట, ధనుర్మాసానికి ఎవరు పాడతారని. ఏడాది సూతకం ఉంది కదా అంటే, స్వామి సేవకి సూతకం అడ్డం కాదని పెద్దలు తేల్చారట. కొడుకు కోసమైతే శాస్త్రంలో సందులు బాగానే దొరుకుతాయి. వాడికి ఒక్కో పాటకి మొదటి మాట తప్ప ఏదీ రాదు. పాడినవాళ్ళకి గుడిలో ఇచ్చే తొలి తీర్థం, తలపాగా మర్యాద వేరే ఇంటికి పోతాయని వాడి దిగులు. పాత ఫోనే కదా అన్నవాడు, "అప్పా, అది బాగవుతాదంటావా?" అని రోజు విడిచి రోజు అడిగాడు.

ఒక సాయంత్రం షాపు నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి బల్ల మీద ఫోను విప్పిన పేగులతో పడి ఉంది. వేరే ఫోను తెర తగిలించి, బయటి బ్యాటరీ తీగలు పెట్టి ఉన్నాయి. "తొరగా రండి, ఇది ఎంతసేపు నిలబడతాదో తెలీదు. తాళం మీరే తియ్యాలి" అన్నాడు. నేను నాన్నకి నేర్పిన గీతే, చుక్కల మీద గీశాను. తెరుచుకుంది. అన్నీ ఉన్నాయి. పాటలు ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. అన్నీ ఎక్కాక, సరిగా వచ్చాయో లేదో చూడమని ఒకటి పెట్టాడు.

రోడ్డు మీద ఆటోల హారన్ల మధ్య మా నాన్న గొంతు లేచింది. చోడి చేల మీద మంచు జారేనయ్య, లేవయ్య గోపాల. ఆ వెనకే నా గొంతు, కొంచెం కిందుగా, కొంచెం భయంగా. మళ్ళీ ఆయన. మళ్ళీ నేను. ఒక చోట నేను తప్పాను. "అలా కాదే తల్లీ, మెట్టు దిగాల" అన్నాడు. నేను దిగాను.

"మీ మాస్టారా అమ్మా?" అని అడిగాడు రిపేరు ఆయన.

"మా నాన్న."

"మీకు నేర్పుతన్నారన్నమాట."

అవునన్నాను. ఆ మాట నాతో అన్న మనిషి ఆయనొక్కడే. మా వాళ్ళెవరూ ఆ తర్వాత కూడా అనలేదు.

ఫోను మర్నాటికే చచ్చిపోయింది. పెన్ డ్రైవు నా దగ్గర ఉంది, నా ఫోనులోకీ ఎక్కించుకున్నాను. తెలిసిన వెంటనే తమ్ముడు, అత్తని వెంటబెట్టుకుని చీపురుపల్లి వచ్చాడు. పళ్ళు తెచ్చారు. ఇవ్వనని చెప్పొచ్చు. కానీ ఆ పాటలు స్వామివి. తెల్లవారుజామున గుడిలో వినపడకపోతే, అవి నా పెన్ డ్రైవులో ఉండీ ఏం లాభం? ఇచ్చాను. ఒకటే అడిగాను.

"మొదటి రోజు పాట నేను పాడతాను. అదొక్కటే. తక్కినవన్నీ నువ్వు పాడుకో."

"అలాగేలే అప్పా. స్వామికి నువ్వేటి పరాయిదానివా" అన్నాడు. అత్త కూడా తలూపింది.

ధనుర్మాసం మొదటి రోజు, చలిలో, చన్నీళ్ళ స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, ఇంకా చీకటుండగానే గుడికి వెళ్ళాను. దారంతా ఆ పాట అనుకుంటూనే ఉన్నాను. మండపంలో తమ్ముడు పంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో నాన్న తాళాలు. మైకు ముందు ఒక చిన్న స్పీకరు.

నన్ను చూసి పక్కకి తీసుకెళ్ళాడు. "అప్పా, కమిటీవోల్లు ఒప్పుకోనేదు. ఆడోల్లు మండపం ఎక్కి పాడ్డం ఇక్కడ నేదు కదా అన్నారు. వచ్చే ఏడు సూద్దాం. నాకు ఇంకా సరిగ్గా రాలేదు గదా, ఈ ఏడు నాన్న పాటే పెడదాం, దాంతో పాటు నేనూ అందుకుంటాను అన్నాను. ఫ్యాక్టరీలో ఒకడు ఉన్నాడు, కంప్యూటర్ల పని తెలుసు. మద్దిలో గోలంతా తీయించేసి సాఫు సేయించాను."

గోల అంటే ఫ్యాను చప్పుడనుకున్నాను. పెరట్లో ఆవు అరుపనుకున్నాను. పాడనివ్వలేదన్న మంటలో అంతకన్నా ఆలోచించలేదు. వెళ్ళిపోదామా అనుకుని, నాన్న గొంతు గుడిలో వినాలని ఉండి, ఆడవాళ్ళ వరసలో మా అత్త పక్కన నిలబడ్డాను.

తెర వెనక గంట మోగింది. స్పీకరులోంచి నాన్న గొంతు గుడంతా నిండింది. ఊరి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మొదటి చరణం అయింది.

ఆ తర్వాత ఏమీ లేదు. నేను ఉండవలసిన చోట నిశ్శబ్దం ఉంది. ఫ్యాను చప్పుడు అలాగే ఉంది, దూరంగా ఆవు అరుపు అలాగే ఉంది. నా గొంతునే తీసేశారు. ఆ ఖాళీలో మా తమ్ముడు తడబడుతూ అందుకున్నాడు. మళ్ళీ నాన్న, మళ్ళీ ఖాళీ, మళ్ళీ వాడు. తల్లీ అన్న మాటలు లేవు, నా పేరు లేదు, నా తప్పులూ లేవు. ముందు వరసలో ఎవరో పెద్దాయన పక్కవాడితో అంటున్నాడు, సూసినావా, కొడుక్కి ఆకరి దాకా ఎలా సెప్పుకున్నాడో అని.

చివరి చరణం కష్టమైనది. ఆ చరణం నాకు పట్టుబడడానికి ఒక ఆదివారం సాయంత్రమంతా పట్టింది. నాన్న అది పాడి ఆగాడు. తమ్ముడికి రాలేదు. తాళాలు పట్టుకుని నిలబడిపోయాడు. నేను కావాలని చేయలేదు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఆడవాళ్ళ వరసలోంచి, నా చోట్లో, నా గొంతుతో, మెట్టు దిగి, ఆ చరణం అప్పగించాను.

మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టి గుంజింది. "ఉస్, నోరు ముయ్యవే. మీ నాన్న నీ తమ్ముడికి సెప్పతన్నాడు కదా, ఇనపడతం నేదా?"

"ఆఁ, ఇప్పుడు కుదిరింది" అన్నాడు నాన్న స్పీకరులోంచి. అన్ని ఆదివారాల్లో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

అందరూ మా తమ్ముడి వైపు చూశారు. వాడు స్పీకరుకి దణ్ణం పెట్టుకున్నాడు. అర్చకుడు వచ్చి వాడి తలకి పాగా చుట్టాడు.